కంట్రోల్ సర్ఫేస్‌లు అసలు విమానంలో లాగే కదలాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సెస్నా 172 అనే చిన్న విమానాన్ని బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి ఫ్లైట్ సిమ్యులేటర్‌లోకి తెచ్చారు. దాని కంట్రోల్ సర్ఫేస్‌లు, అంటే విమానాన్ని పక్కకు వాల్చే ఎయిలరాన్లు, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, పక్కలకు తిప్పే రడ్డర్, రెక్కలకు లిఫ్ట్ (పైకెత్తే బలం) పెంచే ఫ్లాప్‌లు అన్నీ కదులుతున్నాయి, అయినా బయటి కెమెరాలోంచి చూస్తే బొమ్మ విమానంలాగే ఉంది. ఎయిలరాన్ పైకి లేచినప్పుడు దాని ముందంచు రెక్కలోకి చొచ్చుకుపోతోంది, ఫ్లాప్ తలుపు తెరిచినట్టు తిరుగుతోంది, జాయ్‌స్టిక్‌ను కాస్త వేగంగా కదిపితే సర్ఫేస్‌లు ఉలిక్కిపడినట్టు ఎగురుతున్నాయి. తర్వాత ఒక జెట్ విమానం చేసే ఆలోచన ఉంది కాబట్టి అందులో ఏమేం మారతాయో కూడా అడిగారు.

ఈ మూడు లోపాలూ వేరువేరుగా కనిపించినా మూడింటిలోనూ జరిగిన పొరపాటు ఒక్కటే అని నా అభిప్రాయం. సర్ఫేస్‌ను మీరు ఒక కోణంగా మాత్రమే చూశారు, దాన్ని మోసే కీలునూ కదిలించే యంత్రాంగాన్నీ పక్కన పెట్టారు. పైలట్ చేతికీ ఎయిలరాన్‌కూ మధ్య చిన్న విమానంలో కేబుళ్లు, కప్పీలు, బెల్‌క్రాంకులు (కదలిక దిశను మార్చే లివర్లు), రాడ్లు ఉంటాయి. పెద్ద విమానంలో వాటికి తోడు హైడ్రాలిక్ యాక్చుయేటర్లు (సర్ఫేస్‌ను నెట్టే యంత్రాలు), కంప్యూటర్లు చేరతాయి. సర్ఫేస్ ఎక్కడ ఆగాలో, ఎంత సేపట్లో చేరాలో, చేయి వదిలేస్తే ఏ భంగిమలో ఉండాలో నిర్ణయించేది ఈ మధ్య భాగమే. అందువల్ల యానిమేషన్ మొదలుపెట్టే ముందు ఆ విమానంలో ఏ సర్ఫేస్‌ను ఏది కదిలిస్తుందో ఒక కాగితం మీద గీసుకోండి. గంటసేపు పట్టే ఆ పని తర్వాత వారాల తరబడి సవరణలు చేసే శ్రమను తప్పిస్తుంది.

ముందు కీలు సంగతి చూద్దాం, ఎందుకంటే అది తప్పితే ఆ తర్వాత ఎన్ని మెరుగులు దిద్దినా వృథా. మోడల్‌లో ఒక భాగాన్ని వేరు చేయగానే దాని పివట్ (అది తిరిగే కేంద్రం) విమానం మూలబిందువు దగ్గరే ఉండిపోతుంది, లేదా మనం జరిపితే ఆ భాగం మధ్యకు చేరుతుంది. చాలామంది దాన్ని ఎయిలరాన్ ముందంచు దగ్గరకు లాగి, విమానం అడ్డ అక్షం (ఒక రెక్క వైపు నుంచి మరో రెక్క వైపుకు పోయే గీత) చుట్టూ తిప్పేసి, పని అయిందనుకుంటారు. అయితే కీలు రేఖ ఆ అడ్డ అక్షానికి సమాంతరంగా ఉండడం చాలా అరుదు. రెక్కకు డైహెడ్రల్ ఉంటే కొస వైపు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. 172లో లాగా రెక్క వెలుపలి భాగం కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంటే వెనుకంచు ఏటవాలుగా నడుస్తుంది, దానితోపాటే కీలు రేఖా ఏటవాలవుతుంది.

లెక్క వేసి చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. ఎయిలరాన్ పొడవు 2.5 మీటర్లు, కీలు రేఖ అడ్డ అక్షానికి 5 డిగ్రీలు ఏటవాలు అనుకుందాం. లోపలి కొస దగ్గర పివట్‌ను సరిగ్గానే పెట్టి అక్షాన్ని మాత్రం అడ్డంగా ఉంచేశారనుకోండి. వెలుపలి కొస దగ్గర అసలు కీలుకూ మీ అక్షానికీ మధ్య దాదాపు 22 సెంటీమీటర్ల దూరం వస్తుంది, ఎయిలరాన్ 20 డిగ్రీలు తిరిగేసరికి అక్కడి హింజ్ (కీలు) బోల్టు ఉన్నచోటు నుంచి ఏడున్నర సెంటీమీటర్లు కదిలిపోతుంది. బోల్టు అనేది కదలకూడని బిందువు. అది కదులుతున్న క్షణంలోనే చూసేవాడి కన్ను ఏదో తేడా ఉందని పట్టేస్తుంది, ఏమిటో చెప్పలేకపోయినా సరే. పివట్ స్థానంలో పొరపాటుకూ ఇదే లెక్క వర్తిస్తుంది: పొరపాటు దూరాన్ని రెండుతో గుణించి, తిరిగిన కోణంలో సగానికి సైన్ విలువతో మళ్లీ గుణిస్తే ఎంత జరుగుతుందో వస్తుంది. 3 సెంటీమీటర్ల పొరపాటుతో 40 డిగ్రీలు తిరిగిన భాగం సుమారు 2 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రెక్కకూ సర్ఫేస్‌కూ మధ్య ఉండే సందు సాధారణంగా అంతకంటే తక్కువ కాబట్టి మీ ఎయిలరాన్ రెక్కలోకి దూరడంలో ఆశ్చర్యం లేదు.

నేను అనుసరించే పద్ధతి చెప్తాను. కీలు రేఖ రెండు కొసల దగ్గర, అసలు విమానం ఫోటోల్లో హింజ్ బ్రాకెట్ బోల్టులు కనిపించే చోట, రెండు బిందువులు గుర్తిస్తాను. వాటిని కలుపుతూ ఒక ఖాళీ ఆబ్జెక్టును పెట్టి, దాని లోకల్ ఎక్స్ అక్షం సరిగ్గా ఆ రేఖ వెంబడి పడేలా తిప్పి, ఎయిలరాన్‌ను దానికి చైల్డ్‌గా (దానితోపాటే కదిలేలా) చేస్తాను. ఆ తర్వాత ఎయిలరాన్‌ను దాని సొంత ఎక్స్ అక్షం చుట్టూ మాత్రమే తిప్పుతాను. మిగతా రెండు అక్షాల్లో విలువ ఎప్పుడూ సున్నాగానే ఉండాలి. మూడు అక్షాల్లోనూ ఆయిలర్ కోణాలతో సర్దుబాటు చేసి మధ్యలో వంకర రాకుండా చూడాలని ప్రయత్నించేవాళ్లను చూశాను, ఆ దారిలో పోకండి. ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్‌లో ఈ పని ఇంకా తేలిక, ఎందుకంటే రొటేట్ యానిమేషన్‌కు అక్షాన్ని రెండు బిందువుల నిరూపకాలతో నేరుగా ఇవ్వవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: బ్లెండర్‌లో పైదిశ జెడ్ అక్షం, మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ వాడే జీఎల్‌టీఎఫ్ ఫైళ్లలోనూ ఎక్స్‌ప్లేన్ సిమ్యులేటర్‌లోనూ పైదిశ వై అక్షం. ఎక్స్‌పోర్టర్ ఈ మార్పు చూసుకుంటుంది, కానీ చేత్తో నిరూపకాలు రాసేటప్పుడు పొరపాటు జరిగేది ఇక్కడే.

కీలు రేఖ ఏటవాలుగా ఉండడం కొలతల మీద కూడా ప్రభావం చూపుతుంది. 172 నిర్వహణ మాన్యువల్‌లో రడ్డర్ ప్రయాణానికి రెండు సంఖ్యలు కనిపిస్తాయి: వాటర్‌లైన్‌కు (విమానం కొలతలకు ఆధారమైన సమతల రేఖకు) సమాంతరంగా కొలిస్తే 16 డిగ్రీల 10 నిమిషాలు, కీలు రేఖకు లంబంగా కొలిస్తే 17 డిగ్రీల 44 నిమిషాలు. రడ్డర్ కీలు వెనక్కి వాలి ఉండడమే ఈ తేడాకు కారణం. మీరు కీలు అక్షం చుట్టూ తిప్పుతున్నారు కాబట్టి వాడాల్సింది రెండో సంఖ్య. మొదటిది వాడితే ఒకటిన్నర డిగ్రీ తగ్గుతుంది. పెద్ద దోషమేమీ కాదు గానీ, మాన్యువల్‌లో ఒక సంఖ్య కనపడగానే అది ఏ దిశలో కొలిచిందో చూడడం అలవాటు చేసుకోవాలి.

సర్ఫేస్ ముందంచు ఆకారం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కీలు ముందంచు మీదే ఉండదు, సాధారణంగా కొంత వెనక్కి ఉంటుంది. గాలి ఒత్తిడిలో కొంత భాగాన్ని ఆ ముందు భాగమే మోసి పైలట్ చేతికి బరువు తగ్గిస్తుంది. కాబట్టి వెనుకంచు పైకి లేస్తే ముక్కు కిందికి దిగాలి. ఫ్రైజ్ రకం ఎయిలరాన్లలో ఇది కావాలనే చేసిన ఏర్పాటు: పైకి లేచిన ఎయిలరాన్ ముక్కు రెక్క అడుగున బయటికి పొడుచుకొచ్చి, ఆ వైపు డ్రాగ్ (గాలి నిరోధం) పెంచుతుంది. కింద నుంచి చూసే కెమెరాకు ఆ చిన్న పెదవి కనిపిస్తే చాలు, విమానం నిజమైనదన్న భావన సగం వచ్చేస్తుంది. సర్ఫేస్ ముక్కును కీలు కేంద్రంగా గుండ్రంగా, రెక్కలో దానికి ఎదురుగా ఉండే లోపలి గాడిని కూడా అదే కేంద్రంతో మోడల్ చేయండి. రెక్కను కత్తితో కోసినట్టు చదునుగా కోసి, రెండు ముక్కల్నీ తిప్పితే గుచ్చుకోవడమో ఖాళీ తెరుచుకోవడమో తప్పదు.

కుడి రెక్క విషయంలో ఒక హెచ్చరిక. నా మొదటి విమానంలో ఎడమ ఎయిలరాన్‌ను శ్రద్ధగా చేసి, మిర్రర్ కొట్టి కుడిది తయారు చేసుకున్నాను. సిమ్యులేటర్‌లో యోక్ (పైలట్ చేతి చక్రం) తిప్పితే రెండు ఎయిలరాన్లూ ఒకేసారి పైకి లేచాయి, విమానం మాత్రం చక్కగా రోల్ అయింది, అంటే పక్కకు వాలింది. మిర్రర్ చేసినప్పుడు స్కేల్ రుణాత్మకంగా మారిందనీ, దాన్ని అప్లై చేయకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే భ్రమణ దిశ తారుమారవుతుందనీ తెలుసుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మిర్రర్ తర్వాత స్కేల్‌ను అప్లై చేసి, నార్మల్స్ (ఉపరితలాలు ఎటు చూస్తున్నాయో చెప్పే దిశలు) సరిచేసి, కుడి వైపు పివట్‌ను మళ్లీ చేత్తో సరిచూడండి.

ఇక కోణాల దగ్గరకు వస్తే, ఊహించి పెట్టకండి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ప్రచురించే టైప్ సర్టిఫికెట్ డేటా షీట్లలో ప్రతి మోడల్‌కూ సర్ఫేస్‌ల ప్రయాణ పరిమితులు ఉంటాయి. 172కు సంబంధించినది 3ఏ12. 172ఎస్‌లో ఎయిలరాన్ పైకి 20 డిగ్రీలు, కిందికి 15. ఎలివేటర్ పైకి 28, కిందికి 23. ఫ్లాప్ గరిష్ఠంగా 30. పాత 172ల్లో ఫ్లాప్ 40 డిగ్రీల దాకా దిగేది కాబట్టి మీరు చేస్తున్నది ఏ మోడలో ముందే తేల్చుకోవాలి.

ఎయిలరాన్ పైకి ఎక్కువ, కిందికి తక్కువ కదలడానికి కారణం ఉంది. కిందికి దిగిన ఎయిలరాన్ ఆ రెక్కకు లిఫ్ట్‌తోపాటు డ్రాగ్‌ను కూడా పెంచి ముక్కును మలుపుకు ఎదురు దిశలో లాగుతుంది. ఆ లాగుడును తగ్గించడానికే బెల్‌క్రాంక్ జ్యామితితో ఈ అసమానత్వం కల్పిస్తారు. ఇక్కడ యానిమేషన్ చేసేవాళ్లు పడే గుంట ఒకటుంది. కీఫ్రేమ్ (సర్ఫేస్ భంగిమను మనం నేరుగా నిర్దేశించే ఫ్రేమ్) 0 దగ్గర 20 డిగ్రీలు పైకి, 100 దగ్గర 15 డిగ్రీలు కిందికి అని రెండే కీఫ్రేములు పెడితే, మధ్యలోని 50వ ఫ్రేమ్ దగ్గర ఎయిలరాన్ రెండున్నర డిగ్రీలు పైకి లేచి ఉంటుంది. యోక్ నిటారుగా ఉన్నా రెండు ఎయిలరాన్లూ రెక్క గీత మీద నుంచి కొద్దిగా లేచి కనిపించే మోడల్స్ చాలా ఉన్నాయి, వాటి రోగం ఇదే. 50వ ఫ్రేమ్ దగ్గర సున్నా డిగ్రీలతో మూడో కీఫ్రేమ్ తప్పనిసరిగా ఉండాలి, కీఫ్రేముల మధ్య ఇంటర్‌పొలేషన్ (మధ్య విలువలను నింపే తీరు) లీనియర్‌గా, అంటే సరళరేఖలా ఉండాలి. బ్లెండర్ మామూలుగా పెట్టే వంపు కర్వ్‌ను అలాగే వదిలేస్తే కదలిక చివర్లలో మందగించి నీళ్లలో ఈదుతున్నట్టు ఉంటుంది.

ఏ వేరియబుల్‌కు కట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ప్రతి సిమ్యులేటర్‌లోనూ చేతి ఇన్‌పుట్ విలువ ఒకటి, సర్ఫేస్ అసలు స్థానం మరొకటి ఉంటాయి. ఎక్స్‌ప్లేన్‌లో యోక్ రోల్ రేషియో మొదటి రకం. ఫ్లైట్‌మోడల్2 కింద ఒక్కో రెక్కకు విడిగా డిగ్రీల్లో వచ్చే ఎయిలరాన్ డేటారెఫ్ (ఎక్స్‌ప్లేన్ బయటికి ఇచ్చే విలువ) రెండో రకం, అందులో వెనుకంచు కిందికి దిగితే ధనాత్మకం. ఫ్లైట్‌గేర్‌లో సర్ఫేస్ పొజిషన్స్ కింద ఉన్నవి రెండో రకం. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో ఎయిలరాన్ లెఫ్ట్ డిఫ్లెక్షన్ పర్సెంట్ లాంటివి వాడాలి. కాక్‌పిట్‌లోని యోక్‌ను మొదటి రకానికీ, బయటి సర్ఫేస్‌లను రెండో రకానికీ కట్టడం నియమం. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి విడివిడిగా కట్టండి. ఒకే విలువతో రెండు వైపులా నడిపితే, తర్వాత ఒక వైపు ఫ్లాప్ ఇరుక్కుపోయిన పరిస్థితిని చూపాలన్నా కుదరదు.

ఫ్లాప్ విషయంలో మీకు ఎక్కువ పని పడుతుంది, ఎందుకంటే 172 ఫ్లాప్‌కు నిజానికి కీలే లేదు. అది సింగిల్ స్లాటెడ్ ఫ్లాప్. దాని రోలర్లు రెక్కకు బిగించిన ట్రాకుల్లోని గాడుల వెంట నడుస్తాయి. గాడి ఆకారం వల్ల ఫ్లాప్ మొదట్లో ఎక్కువగా వెనక్కి జరుగుతుంది, తర్వాతే కిందికి తిరగడం ఎక్కువవుతుంది. 10 డిగ్రీల దగ్గర పక్కనుంచి చూస్తే అది రెక్కకు కొనసాగింపులా వెనక్కి సాగి ఉంటుంది, రెక్కకూ ఫ్లాప్‌కూ మధ్య సన్నటి స్లాట్ తెరుచుకుంటుంది. అడుగు గాలి ఆ సందులోంచి పైకి దూరి ఫ్లాప్ మీది ప్రవాహానికి బలం ఇస్తుంది. దీన్ని చూపాలంటే భ్రమణంతోపాటు స్థానభ్రంశం కూడా కీ చేయాలి. పక్కనుంచి తీసిన ఫోటోలను 0, 10, 20, 30 స్థానాల్లో బ్లెండర్ వెనుక పెట్టుకుని, ఒక్కో స్థానంలో ఫ్లాప్‌ను దానికి సరిపడేలా అమర్చి కీ పెట్టండి. నాలుగు కీఫ్రేములతో సరిపోదు. రోలర్ వంపు గాడిలో నడుస్తుంటే రెండు కీఫ్రేముల మధ్య లీనియర్ ఇంటర్‌పొలేషన్ ఆ వంపును అడ్డంగా కోసుకుపోతుంది, రోలర్ గాడిలోంచి బయటికి వచ్చేస్తుంది. అందుకే నేను గాడిని ఒక కర్వ్‌గా గీసి, రెండు రోలర్లనూ దానికి కన్‌స్ట్రెయింట్‌తో (కదలికను కట్టడి చేసే నియమంతో) కట్టి, ఫ్లాప్‌ను వాటి మధ్య వేలాడదీసి, ఆపై ప్రతి ఐదు ఫ్రేములకు ఒక కీఫ్రేమ్ చొప్పున బేక్ చేస్తాను, అంటే వచ్చిన కదలికను మామూలు కీఫ్రేములుగా మారుస్తాను. ఫ్లాప్‌ను తోసే పుష్‌రాడ్ కనిపించేటట్టయితే దానికి కూడా రెండు కొసలు ఉంటాయి. ఒక కొస బెల్‌క్రాంక్‌తో, రెండోది ఫ్లాప్ బ్రాకెట్‌తో కదులుతుంది. రెండో కొస వైపే ఎప్పుడూ చూసేలా రాడ్‌కు ట్రాకింగ్ కన్‌స్ట్రెయింట్ ఇచ్చి, దాన్ని కూడా బేక్ చేస్తే రాడ్ సాగినట్టో తెగినట్టో కనిపించదు.

ఫ్లాప్ వేగం విద్యుత్ మోటార్ నిర్ణయిస్తుంది. లివర్‌ను ఒక్కసారిగా 30కి దించినా ఫ్లాప్ ఒకే వేగంతో దిగుతూ పోతుంది, మోటార్‌కు విద్యుత్తు ఆగిపోతే ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. మీ యానిమేషన్ ఫ్లాప్ స్థానాన్ని అనుసరించాలి, లివర్‌ను అనుసరించకూడదు. సెకన్ల లెక్కను ఊహించకుండా, అసలు విమానం వీడియో ఒకటి తీసుకుని ఫ్రేములు లెక్కపెట్టండి.

మీరు చెప్పిన ఉలికిపాటుకు ఇప్పుడు వద్దాం. జాయ్‌స్టిక్ ఒక చివర నుంచి మరో చివరకు వేళ్లతో రెప్పపాటులో పోతుంది. అసలు యోక్‌ను అంత దూరం తిప్పాలంటే చేయి, భుజం కదలాలి. పైగా గాలి ఎదురుగా తోస్తుంటుంది. 172 కంట్రోల్ సర్ఫేస్‌లకు హైడ్రాలిక్స్ లేవు కాబట్టి యంత్రపరమైన వేగ పరిమితి ఏదీ లేదు, అయినా మనిషి చేతికి పరిమితి ఉంది. చిన్న విమానాల్లో ఎయిలరాన్ ఒక చివర నుంచి మరో చివరకు పోవడానికి సుమారు అర సెకను పట్టేలా నేను పెడతాను. ఇది కొలిచిన సంఖ్య కాదు, కంటికి నప్పిన సంఖ్య. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో యానిమేషన్‌కు లాగ్ (ఆలస్యం) అనే విలువ ఇవ్వవచ్చు, అది సెకనుకు ఎన్ని కీఫ్రేములు అన్న లెక్క. మొత్తం 100 కీఫ్రేములుంటే 200 ఇస్తే అర సెకను వస్తుంది.

ఫ్లైట్‌గేర్‌లోనో ఎక్స్‌ప్లేన్‌లోనో స్క్రిప్టుతో మృదువుగా చేయాలనుకునేవాళ్లు ఒక పాత తప్పు చేస్తుంటారు: ప్రతి ఫ్రేములోనూ మిగిలిన దూరంలో పదో వంతు కదుపు అని రాస్తారు. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే కంప్యూటర్‌లో అర సెకనుకు 30 ఫ్రేములు, అంటే దూరంలో దాదాపు 4 శాతమే మిగులుతుంది. సెకనుకు 30 ఫ్రేములే వచ్చేచోట అదే అర సెకనుకు 15 ఫ్రేములు, ఇంకా 20 శాతం మిగిలే ఉంటుంది. ఒకే విమానం ఒకరి దగ్గర చురుగ్గా, మరొకరి దగ్గర బద్ధకంగా కనిపించడానికి ఇదే కారణం. ఫ్రేముకు పట్టిన కాలాన్ని లెక్కలోకి తీసుకోండి: సెకనుకు ఇన్ని డిగ్రీలు అని పరిమితి పెట్టి, దాన్ని ఆ ఫ్రేము కాలంతో గుణించి, అంతకు మించి కదలకుండా చేయడం అన్నిటికంటే సరళమైన మార్గం.

దీనికంటే ముఖ్యమైన విషయం, ఆలస్యాన్ని ఎక్కడ పెట్టాలన్నది. బొమ్మకు మాత్రమే ఆలస్యం పెడితే విమానం ముందు రోల్ అవుతుంది, ఎయిలరాన్ తర్వాత కదులుతుంది. అర సెకను లోపల ఎవరూ పట్టుకోలేరు గానీ పెద్ద విమానంలో కారణం, ఫలితం తారుమారైనట్టు స్పష్టంగా తెలుస్తుంది. వీలైనంత వరకు ఆలస్యాన్ని ఫ్లైట్ మోడల్‌లోనే (విమానం ఎగిరే తీరును లెక్కించే భాగంలోనే) పెట్టి, యానిమేషన్ దాని ఫలితాన్ని చదివేలా చేయాలి. జేఎస్‌బీసిమ్ అనే ఫ్లైట్ మోడల్ సాఫ్ట్‌వేర్‌లో దీనికోసం యాక్చుయేటర్ అనే భాగమే ఉంది. రేట్ లిమిట్ (వేగ పరిమితి), లాగ్, హిస్టెరిసిస్ (దిశ మారేటప్పుడు వచ్చే వెనుకబాటు), డెడ్‌బ్యాండ్ (చిన్న ఇన్‌పుట్‌కు కదలని పరిధి) అన్నీ అందులో ఇవ్వవచ్చు. ఫ్లాప్‌లకైతే కినెమాటిక్ అనే భాగంలో ఒక్కో స్థానానికి చేరే సమయాన్ని రాస్తే సరిపోతుంది.

విమానం నేల మీద నిలబడి ఉన్నప్పుడు సర్ఫేస్‌లు ఎలా ఉండాలో చాలామంది ఆలోచించరు, నిజానికి బయటి కెమెరా ఎక్కువగా చూసేది అప్పుడే. పార్క్ చేసిన 172లో ఎలివేటర్ సొంత బరువుకు కిందికి వాలిపోయి, యోక్ ముందుకు ఒరిగి ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ గాలి ఆ ఎలివేటర్‌ను పైకెత్తుతుంది. ఇంజన్ ఆగి, గాలివేగం దాదాపు సున్నా అయినప్పుడు ఎలివేటర్ కొన్ని డిగ్రీలు కిందికి దిగేలా, గాలివేగం 20, 30 నాట్లకు చేరేసరికి ఆ వాలు మాయమయ్యేలా ఒక సూత్రం రాసుకోండి. ముందు చక్రం కూడా ఇందులో భాగమే: పెడల్స్‌తో అది చెరో వైపు సుమారు 10 డిగ్రీలు, ఒక వైపు బ్రేకు తోడైతే 30 డిగ్రీల దాకా తిరుగుతుంది. రడ్డర్ పెడల్స్‌తోపాటే కదులుతుంది కాబట్టి ట్యాక్సీ చేస్తున్న విమానంలో చక్రం తిరుగుతూ రడ్డర్ నిశ్చలంగా ఉంటే తప్పు.

ట్రిమ్ (పైలట్ పట్టుకోకుండానే విమానాన్ని ఒక భంగిమలో నిలిపే సర్దుబాటు) దగ్గర ఇంకా సూక్ష్మమైన సంగతి ఉంది. 172లో ముక్కు పైకి ట్రిమ్ చేస్తే ఎలివేటర్ వెనుకంచున ఉండే చిన్న ట్యాబ్ కిందికి దిగుతుంది, ట్యాబ్ మీద పడిన గాలి ఎలివేటర్‌ను పైకి నెడుతుంది, యోక్ వెనక్కి వస్తుంది. మామూలు జాయ్‌స్టిక్ స్ప్రింగ్ బలంతో మధ్యలోనే ఉండిపోతుంది కాబట్టి సిమ్యులేటర్‌లో ట్యాబ్ ఒక్కటే కదిలి, ఎలివేటర్ సున్నా దగ్గర ఉండిపోవడం తరచూ కనిపిస్తుంది. బొమ్మలో ఎలివేటర్ కోణానికి ట్రిమ్‌లో కొంత భాగాన్ని కలిపితే ఈ లోటు తీరుతుంది. ఫ్లైట్ మోడల్ ట్రిమ్ ప్రభావాన్ని ఇప్పటికే లెక్కిస్తోంది కాబట్టి అక్కడ మళ్లీ కలపకండి. పైపర్ చెరొకీ లాంటి విమానం చేసేటట్టయితే ట్యాబ్ దిశ తారుమారవుతుంది: దాని స్టెబిలేటర్ (తోక దగ్గరి అడ్డ రెక్క) మొత్తంగా తిరుగుతుంది, వెనుక ఉండే యాంటీ సర్వో ట్యాబ్ స్టెబిలేటర్ ఎటు కదిలితే అటే ఇంకాస్త ఎక్కువగా కదులుతుంది.

ఇక జెట్ విమానాల గురించి. పేరెంట్, చైల్డ్ క్రమాన్ని ముందు సరిగ్గా వేసుకోండి: ఫ్యూజిలాజ్‌కు (విమానం మొండేనికి) స్టెబిలైజర్ (తోక అడ్డ రెక్క) చైల్డ్, దానికి ఎలివేటర్, ఎలివేటర్‌కు ట్యాబ్. ట్రిమ్ చేసినప్పుడు స్టెబిలైజర్ మొత్తం కదులుతుంది కాబట్టి ఈ గొలుసు తెగితే ఎలివేటర్ గాలిలో వేలాడుతుంది. రెక్క వంగే విమానమైతే ఎయిలరాన్, ఫ్లాప్, స్పాయిలర్ (రెక్క మీద పైకి లేచి లిఫ్ట్ తగ్గించే పలక) కీళ్లు రెక్క బోన్లకు (మోడల్‌ను వంచే ఎముకలకు) అంటుకుని ఉండాలి, లేకపోతే టేకాఫ్‌లో రెక్క పైకి వంగి సర్ఫేస్‌లు కిందే మిగిలిపోతాయి.

జెట్‌లలో అసలు ఆసక్తికరమైనవి స్పాయిలర్లు. బోయింగ్ 737ఎన్‌జీలో ఒక్కో రెక్క మీద నాలుగు ఫ్లైట్ స్పాయిలర్లు, రెండు గ్రౌండ్ స్పాయిలర్లు ఉంటాయి. కంట్రోల్ వీల్ సుమారు 10 డిగ్రీలు దాటాకే ఫ్లైట్ స్పాయిలర్లు ఎయిలరాన్‌కు తోడుగా లేవడం మొదలవుతుంది. ఎయిర్‌బస్ ఏ320లో రెక్కకు ఐదు ప్యానెళ్లు. రోల్‌కు 2 నుంచి 5 వరకు, గాలిలో స్పీడ్‌బ్రేకుకు 2 నుంచి 4 వరకు, నేల మీద గ్రౌండ్ స్పాయిలర్లుగా ఐదూ పనిచేస్తాయి. కాబట్టి గాలిలో ఉన్న ఏ320 కిటికీలోంచి చూస్తే అన్నిటికంటే లోపలి ప్యానెల్ లేచి కనిపించకూడదు. ఒకే స్పాయిలర్ వేరియబుల్‌కు ఐదింటినీ కట్టేసిన మోడల్ ఇక్కడే దొరికిపోతుంది. ఒక్కో ప్యానెల్‌కు రోల్ భాగాన్నీ స్పీడ్‌బ్రేక్ భాగాన్నీ కూడి, గరిష్ఠ కోణం దగ్గర పరిమితం చేసే సూత్రం విడిగా రాయాలి. అదే విమానంలో ఫ్లాప్‌లు దిగితే రెండు ఎయిలరాన్లూ 5 డిగ్రీలు కిందికి వాలతాయి, రోల్ కదలిక ఆ వాలిన స్థానం నుంచే మొదలవుతుంది. అధిక వేగంలో రడ్డర్ ప్రయాణాన్ని తగ్గించే పరిమితి కూడా ఉంటుంది కాబట్టి క్రూయిజ్‌లో పెడల్ పూర్తిగా తొక్కినా రడ్డర్ కొద్ది డిగ్రీలే కదలాలి.

ఫ్లై-బై-వైర్ విమానంలో (పైలట్ ఆదేశాలు కంప్యూటర్ల ద్వారా విద్యుత్ సంకేతాలుగా పోయే విమానంలో) స్టిక్‌ను సర్ఫేస్‌కు కట్టడం పూర్తిగా అర్థం లేని పని. గాలిలో ఏ320 సైడ్‌స్టిక్ అడిగేది రోల్ వేగాన్ని, ఎయిలరాన్ కోణాన్ని కంప్యూటర్ నిర్ణయిస్తుంది. స్టిక్ మధ్యలో ఉన్నా కుదుపుల గాలిలో ఎయిలరాన్లు నిరంతరం చిన్నచిన్నగా సర్దుకుంటూనే ఉంటాయి. నేల మీద మాత్రం స్టిక్‌కూ సర్ఫేస్‌కూ నేరుగా సంబంధం ఉంటుంది. అదనపు యానిమేషన్‌తో ఆ సర్దుబాట్లను నటింపజేయకండి. కంట్రోల్ లాజిక్ ఫలితాన్ని చదివితే అవి వాటంతట అవే వస్తాయి.

హైడ్రాలిక్ పీడనం పోయిన తర్వాత చాలా పెద్ద విమానాల్లో ఎలివేటర్లు గానీ ఎయిలరాన్లు గానీ నిమిషాల మీద మెల్లగా వాలిపోతాయి, పంపు ఆన్ చేయగానే టక్కున సర్దుకుంటాయి. దిగడం నెమ్మది, లేవడం వేగం. రెండింటికీ ఒకే సమయం ఇస్తే చూడగానే తెలిసిపోతుంది. డీసీ-9, ఎండీ-80 కుటుంబంలో ఇంకో తమాషా ఉంది. వాటి ఎలివేటర్లను పైలట్ కేబుళ్లు కంట్రోల్ ట్యాబ్‌ల ద్వారా కదిలిస్తాయి, నేల మీద గాలి లేనప్పుడు ఎలివేటర్లు స్వేచ్ఛగా తేలుతూ ఉంటాయి. అందుకే పార్కింగ్‌లో ఒకటి పైకి, మరొకటి కిందికి ఉన్న ఎండీ-80ని చూసి చెడిపోయిందనుకోనక్కర్లేదు. అలాంటి విమానం చేసినప్పుడు ఎడమ, కుడి ఎలివేటర్లను వేర్వేరు విలువలతో వాలనిస్తే తెలిసినవాళ్లు మెచ్చుకుంటారు.

టెక్స్చర్ విషయంలో ఒక్క మాట. యాంబియంట్ ఆక్లూజన్‌ను (మూలల్లో పడే మసక నీడను) సర్ఫేస్‌లు సున్నా స్థానంలో ఉండగా టెక్స్చర్‌లోకి బేక్ చేస్తే కీలు గాడి, సర్ఫేస్ ముక్కు నల్లగా మారతాయి. ఫ్లాప్ దిగగానే ఆ నలుపు గీత బయటపడి మసి పూసినట్టు ఉంటుంది. బేక్ చేసేటప్పుడు మాత్రం సర్ఫేస్‌లను వేరుగా, దూరంగా జరిపి బేక్ చేయండి. దూరం నుంచి చూసినప్పుడు వాడే సరళమైన (ఎల్‌ఓడీ) మోడల్స్‌లో కూడా అవే యానిమేషన్ నోడ్ పేర్లు ఉండేలా చూసుకోండి.

ఇవన్నీ అయ్యాక పరీక్ష ఇలా చేయండి. డ్రోన్ కెమెరాను కీలు రేఖకు సూటిగా, ఎయిలరాన్ కొస వైపు నుంచి రేఖ వెంబడి చూసేలా పెట్టండి. సిమ్యులేటర్‌ను నెమ్మది వేగానికి తగ్గించి, యోక్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తీసుకెళ్లండి. ఆ కోణంలో చూస్తే కీలు ఒక్క బిందువుగా కనిపిస్తుంది, ఎయిలరాన్ దాని చుట్టూ గడియారం ముల్లులా తిరుగుతుంది. ముక్కుకూ గాడికీ మధ్య సందు మొత్తం ప్రయాణంలో ఒకేలా ఉంటే మీ పివట్ సరిగ్గా ఉన్నట్టు. సందు ఒక చివర సన్నబడి మరో చివర వెడల్పయితే పివట్ పైకో కిందికో జరిగి ఉంది. రెండు చివర్లలోనూ ఒకేలా సన్నబడినా, ఒకేలా వెడల్పయినా ముందుకో వెనక్కో జరిగి ఉంది. తర్వాత కెమెరాను ఎయిలరాన్ అవతలి కొసకు తీసుకెళ్లి ఇదే మళ్లీ చూడండి. ఒక కొసన సందు సమంగా ఉండి రెండో కొసన మారుతుంటే పివట్‌ను ముట్టుకోకండి, తప్పు అక్షం వాలులో ఉంది.